ఆర్యభటీయమున నొక పాఠభేదము - సిద్ధాంతకర్తల ధర్మసంకటము

ఆర్యభటీయము గీతికాపాదమున నొక్క యక్షరమునకు రెండు పాఠములు గలవు. ఒక పాఠమున ‘భూః’ అనియు, మఱియొక పాఠమున ‘భం’ అనియు నున్నది. రెండును గురువులే గావున ఛందస్సునకు భంగము లేదు. చెవికి దోషము తోచదు. కాని మొదటి పాఠము ననుసరించినచో ఒక ప్రాణకాలమున భూమి యొక కల మేర తిరుగునని యర్థము. రెండవదాని ననుసరించినచో తిరుగునది భూమి కాదు, నక్షత్రచక్రము. ప్రాణ మనగా నాక్షత్రమానమున నాలుగు సెకండ్ల కాలము. దినమునకు 21,600 ప్రాణములు, వృత్తమునకు 21,600 కలలు. కావున దినమున కొక యావృత్తి యగుచున్నది. లెక్క రెండు పాఠములందును సమానమే. తిరుగున దేది యను ప్రశ్నయే భిన్నము.

ప్రాచీనగ్రంథ పరిష్కర్తల కిట్టి పాఠభేదములు నిత్యానుభవములు. పెక్కింటిని లేఖకప్రమాదము లని త్రోసివేయవచ్చును. దీని నట్లు త్రోసివేయుటకు వీలు లేదు. ఏలయన, అదే గీతికాపాదమున ఆర్యభటుడు మహాయుగమున సూర్యునకు 43,20,000 భగణములు చెప్పి, ఆ వెంటనే భూమి తూర్పుగా తిరుగు సంఖ్యను 1,58,22,37,500 అని చెప్పినాడు. సంఖ్య చెప్పిన పిదప భూమి తిరుగుట లేదనుట కష్టము. గోళపాదమున నీతడే పడవ దృష్టాంతము నిచ్చినాడు: ముందునకు పోవు పడవలోని వాడు ఒడ్డుననున్న కదలని వస్తువులు వెనుకకు పోవుచున్నట్లు చూచును, అట్లే కదలని నక్షత్రములు పడమటికి పోవుచున్నట్లు లంకలోని వానికి తోచును. తరువాతి శ్లోకమున ప్రవహవాయువుచే నక్షత్రచక్రము పడమటికి త్రిప్పబడు చున్నదను మాటయు నున్నది. వ్యాఖ్యాతలకు చిక్కిన యాధార మదియే. దానిని బట్టి పడవ శ్లోకమును భ్రాంతి వర్ణనముగా నన్వయించి, భూమి తిరుగుచున్నట్లు తోచుటయే మిథ్యాజ్ఞాన మని తేల్చిరి. సంఖ్యను దిద్దుటకు సాధ్యము కాలేదు. అక్షరమును దిద్దుట సాధ్యమైనది. 1874లో కెర్న్ పండితుడు లైడెన్ నగరమున పరమేశ్వరుని భటదీపికా వ్యాఖ్యతో ఆర్యభటీయమును ముద్రించినప్పుడు లోకమునకు తెలిసినది ‘భం’ అను పాఠమే.

మరి ‘భూః’ అను పాఠము మనకెట్లు నిలిచినది? ఇందొక విచిత్ర మున్నది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమున ‘తంత్రపరీక్ష’ యను నధ్యాయమును వ్రాసి ఆర్యభటుని తీవ్రముగా ఖండించెను. భూమియే ప్రాణమున కొక కల చొప్పున పోవునేని ఎక్కడి నుండి యే త్రోవను పోవును, తనచుట్టు తానే తిరుగునేని ఎత్తయిన వేల పడిపోవు, అని యడిగెను. ఖండింపదలచిన మాటను ఖండించువాడు ముందుగా ననువదింపవలెను గదా! ఆ యనువాదమున భూమి యను శబ్దమే యున్నది. అనగా ఆర్యభటుని మతమును భక్తితో వ్యాఖ్యానించిన వారు మార్చిన దానిని, ఆయనను ద్వేషించిన వాడు భద్రముగా నందించినాడు. ఆ బ్రహ్మగుప్తుని గ్రంథమునకే 864లో వ్యాఖ్య వ్రాసిన పృథూదకస్వామి, మూలకారుని ప్రక్కన నిలువక ఆర్యభటుని ప్రక్కన నిలిచినాడు. గ్రహములకు ఒకేసారి రెండు గతులు కుదురవు గావున ఆర్యభటుని మాటయే మేలనియు, భూగోళముపై నెవడెక్కడ నిలిచిన నదియే వానికి పైభాగము గావున ఎత్తయినవి పడునను శంకకు తావు లేదనియు చెప్పెను. వ్యాఖ్యాత మూలకారుని త్రోసిరాజనుట మన వాఙ్మయమున తఱచు కానవచ్చునది కాదు.

భూభ్రమణము నంగీకరింపనివా రెల్లరు శ్రుతిస్మృతులకు వెఱచి యట్లు చేసి రనుట న్యాయము గాదు. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో, భూమి తిరుగునేని ఆకాశమున కెగిరిన డేగలు మరల తమ గూళ్ళను చేరజాల వనెను. జెండాలు గాలివేగముచే నెల్లప్పుడు పడమటి వైపే యెగురవలె ననెను. లల్లుడు పైకి వదలిన బాణమును, మేఘములను దృష్టాంతములుగా చూపెను. ఇవి ప్రత్యక్షమును బట్టి చేసిన వాదములు. వస్తువుతో పాటు దానిపైనున్న గాలియు, పక్షియు ఆ గతిలోనే పాలుపంచుకొను నను తత్త్వము పదునేడవ శతాబ్దిలో గెలీలియో వివరించు దాక యూరపులోను ఈ శంకలే ప్రబలముగా నుండెను. కావున ఈ వాదమున సగభాగము శాస్త్రమునకు శాస్త్రముతోడి వివాదమే. శాస్త్రమునకు ఆప్తవాక్యముతోడి వివాదమును శుద్ధరూపమున చూడగోరువారు భూభ్రమణమును విడిచి గ్రహణమును పరిశీలింపవలెను.

గ్రహణకారణము ఆర్యభటునకు సందేహాస్పదము కాదు. చంద్రుడు సూర్యుని, భూచ్ఛాయ చంద్రుని కప్పునని 499 నాటికే స్పష్టముగా చెప్పెను. ఋగ్వేదమున స్వర్భానుడు సూర్యుని చీకటితో గొట్టుటయు, అత్రి విడిపించుటయు నున్నవి. పురాణములలో నమృతము ద్రావి తల తెగిన రాహువున్నాడు. ఈ రెంటికిని నడుమ గణకుడు చిక్కుకొనెను. వరాహమిహిరుడు బృహత్సంహిత రాహుచారాధ్యాయమున వాదమును చక్కగా నడపినాడు. రాహువే కారణమైనచో చంద్రగ్రహణము తూర్పువైపు నుండియు, సూర్యగ్రహణము పడమటివైపు నుండియు నేల యారంభింపవలెను? సూర్యగ్రహణ మొక దేశమున నొక తీరుగాను, మఱియొక దేశమున నింకొక తీరుగాను ఏల కనబడవలెను? కావున రాహువు కారణము గాదు, ఛాయయే కారణము. ఇంతవరకు చెప్పి యాతడు వెంటనే యొక సంధి కుదిర్చెను: గ్రహణకాలమున నిచ్చు హోమదానములందు నీకు భాగము గలదని బ్రహ్మ రాహువునకు వరమిచ్చెను గావున ఆ వేళకు రాహువు అచ్చటికి వచ్చును. తరువాత నధ్యాయమంతయు నే మాసమున గ్రహణము పట్టిన నే దేశమున కే కీడు మూడునో చెప్పు ఫలభాగమే. లల్లుడు మాత్రము మిథ్యాజ్ఞానాధ్యాయమున గట్టిగా నడిగెను: రాక్షసుడు తన యిచ్చవచ్చినప్పుడు మ్రింగునేని మనము ముందుగా లెక్కగట్టి చెప్పుట యెట్లు పొసగును? అమావాస్యా పూర్ణిమలు గాని దినమున వా డేల మ్రింగడు? నా దృష్టిలో ఈ వాదమంతటికిని ఇదియే మర్మస్థానము. ముందుగా లెక్కింపదగినది ఇచ్ఛకు లోబడినది కాజాలదు.

ఇక బ్రహ్మగుప్తుడు. ముప్పది యేండ్ల ప్రాయమున సిద్ధాంతము రచించిన మహాగణితజ్ఞుడు. శూన్యముతో గణనము చేయుటకు నియమములు చెప్పిన బుద్ధి యాతనిది. ఆతడు గోళాధ్యాయమున, రాహువు కారణము గాదని వరాహమిహిర, శ్రీషేణ, ఆర్యభట, విష్ణుచంద్రులు చెప్పుట లోకమునకును, వేదమునకును, స్మృతికిని, సంహితకును విరుద్ధమని యాక్షేపించెను. రాహువు కాదన్నచో గ్రహణకాలమున విధింపబడిన స్నానాదులు నిష్ఫలము లగు ననెను. బ్రహ్మవరముచే రాహువు చంద్రగ్రహణమున భూచ్ఛాయను, సూర్యగ్రహణమున చంద్రబింబమును ప్రవేశించి కప్పునని పరిష్కరించెను. ఇట్లు చెప్పి, గ్రహణసాధనమునకు వచ్చునప్పటికి రాహువు నొక్క మాటయు నడుగడు. భూచ్ఛాయ వ్యాసమెంత, చంద్రబింబ వ్యాసమెంత, విక్షేపమెంత అను వానితోనే పని జరుగును.

ఈ వైరుధ్యము 1030 ప్రాంతమున భారతదేశమును గూర్చి వ్రాసిన అల్‌బెరూనీ కంటబడెను. బ్రహ్మగుప్తుని మాటల నుదాహరించి, ఆయన చెవిలో మెల్లగా నొక మాట చెప్పదలచితి నను ధోరణిలో నాతడు ప్రశ్నించెను: ధర్మశాస్త్రమున కెదురు చెప్పకూడదని యనుకొన్నచో, వెంటనే ఛాయావ్యాసమును లెక్కింప మొదలిడు టేల? పిదప, ఇంతటి బుద్ధిశాలి మనస్సాక్షి కెదురుగా నిట్లు వ్రాయుటకు సోక్రటీసునకు గలిగిన వంటి యాపద యేదియో కారణమై యుండునని యూహించెను.

ఈ యూహ యుదారమైనదే గాని సమ్మతింపదగినది కాదు. బ్రహ్మగుప్తుని నెవ్వరును బెదిరించిన జాడ లేదు. వ్యాఘ్రముఖుని కాలమున భిల్లమాలమున నుండి వ్రాసిన యాతని తంత్రపరీక్ష చదివినవారికి, అది భయపడువాని భాష కాదని తెలియును. తనకు పూర్వుల నంతటి తెగువతో నధిక్షేపించినవాడు లోకమునకు జడిసెననుట యెట్లు? కారణము వేఱొకచోట నున్నదని తలచెదను. జ్యోతిషము వేదాంగము. కాలవిధాన శాస్త్రమను పేరుతో యజ్ఞమునకు కాలము చెప్పుటయే దాని ప్రయోజన మని పూర్వులు నిర్ణయించిరి. గణకునకు సభలో పీఠము, రాజునొద్ద మన్నన, శిష్యులు, అగ్రహారము, అన్నియు నా ప్రయోజనము నాశ్రయించి వచ్చినవి. గ్రహణస్నానము వ్యర్థమన్నచో గ్రహణకాలము తెలిసికొనుట కెవరికి నవసరము? బ్రహ్మగుప్తుడు కాపాడినది రాహువును గాదు, తాను కూర్చున్న పీటను. ఇది నిందగా చెప్పుట లేదు. ఆ పీట లేకున్న బ్రాహ్మస్ఫుట సిద్ధాంతము నకళ్ళు వ్రాయించి మనదాక చేర్చువా రుండెడివారు కారు. వేదాంగ మనుపేరు శాస్త్రమునకు గొడుగును, సంకెలయు నైనది.

ఆ పీఠ మెంత గట్టిదో తెలుగునాట శాసనములను చదివినవారికి వేఱుగా చెప్ప నక్కరలేదు. ‘సూర్యగ్రహణ నిమిత్తమున’, ‘సోమగ్రహణ నిమిత్తమున’ అని తూర్పు చాళుక్యుల నాటి నుండియు ధారవోసిన భూములు, గ్రామములు కొల్లలు. గణకుడు ముందుగా కాలము చెప్పనిదే దాత స్నానమాడి నీరు ధారవోయుట కుదురదు. నేడు శాసన పరిశోధకులు ఆ గ్రహణములనే తిరిగి లెక్కగట్టి శాసనకాలమును నిర్ణయించుచున్నారు. దాత నమ్మినది రాహువునే యైనను, తిథిని నిలబెట్టుచున్నది ఛాయాగణితమే.

పాశ్చాత్యదేశమున జరిగినదానితో దీనిని పోల్చుట వాడుక. కాని పోలిక సాధారణముగా గెలీలియో విచారణతో ఆగిపోవును. 1633 నాటి యా తీర్పు వంటిది మనకు లేదనుట నిజము. అంతటితో మనదేశమున శాస్త్రమునకు స్వేచ్ఛ యుండెనని గర్వించుట తొందరపాటు. 1543లో కోపర్నికసు గ్రంథము వెలువడినప్పుడు దానికి ఓసియాండరు పేరు లేకుండ నొక పీఠిక చేర్చి, ఇందలి ప్రతిపాదనలు గణనమునకు పనికివచ్చు కల్పనలే గాని సత్యము కానక్కరలేదని వ్రాసెను. 1616లో ఆ గ్రంథమును దిద్దువఱకు నిలిపివేసిరి. 1620లో మతాధికారులు ఏయే వాక్యములను దిద్దవలెనో పట్టిక ప్రకటించిరి; సత్యమని చెప్పిన చోట్ల కల్పన యని మార్చిన చాలును, లెక్కలు యథాతథముగా నుండవచ్చును. ఆర్యభటీయమున జరిగినదియు నిదియే కదా! అచ్చట కార్యాలయము, పట్టిక, తేదీ యున్నవి. ఇచ్చట ఏ యధికారియు లేడు. ఒకానొక వ్యాఖ్యాత వినయముతో, గురుభక్తితో, మహానుభావు డిట్టి యసంబద్ధము వ్రాసి యుండడను సదుద్దేశముతో ఒక యక్షరమును మార్చినాడు. నిషేధమును నిషేధ మని గుర్తించి యెదిరింపవచ్చును; గౌరవపూర్వకమైన సవరణ నెదిరించుటకు ముందు అది జరిగినదని తెలియవలెను.

1150లో భాస్కరాచార్యుడును బ్రహ్మగుప్తుని మార్గముననే నడచెను. దిక్కు, దేశము, కాలము, ఆవరణము భేదించుచున్నవి గావున రాహువు కాదనుట గోళమాత్రము తెలిసినవారి మాట యనియు, సంహితా వేద పురాణములతో విరోధము రాకుండ రాహువు ఛాయలో ప్రవేశించు ననవలె ననియు చెప్పి ముందునకు సాగెను. అప్పటి కది వాదముగా మిగులలేదు, ఆచారమైనది.

సంప్రదాయము లోపలి నుండియే దీనిని సడలింప జూచినవారును లేకపోలేదు. కేరళమున పరమేశ్వరుడు ఏబదియైదేండ్లు గ్రహణములను పరిశీలించి, 1431లో దృగ్గణిత మను పద్ధతిని నెలకొల్పెను. ‘భం’ అని వ్యాఖ్యానించినవా డీతడే. ఆ పాఠ మాతనికి ముందే పుట్టి యుండవచ్చును. కాని ఆకాశమున నంత జాగరూకమైన చూపు గలవాడు తాళపత్రమున ఆ యక్షరమును శంకింపలేదు. భూమి తిరిగినను, నక్షత్రచక్రము తిరిగినను గ్రహణవేళ మారదు గావున ఆతని పరిశీలనకు ఆ ప్రశ్న యడ్డు తగులలేదు. అతని సంప్రదాయమువాడే యైన నీలకంఠ సోమయాజి పదునాఱవ శతాబ్ది తొలియేండ్లలో జ్యోతిర్మీమాంసను రచించి మూలప్రశ్ననే యెత్తుకొనెను. శాస్త్రము దేవతోపదిష్టమైనచో దానిని మరల మరల దిద్దవలసిన యవసర మేల కలుగుచున్నది? ఆతని సమాధానము: దైవానుగ్రహ మనగా బుద్ధినైర్మల్యమునకు హేతువు మాత్రమే, బ్రహ్మ గాని సూర్యుడు గాని స్వయముగా వచ్చి గణితము నుపదేశింపరు. సోమయాగము చేసిన శ్రోత్రియు డీమాట వ్రాసెనని గుర్తుంచుకొనవలెను. సూర్యసిద్ధాంతమును సూర్యప్రోక్తముగా నమ్ము దేశమున నింతకంటె సూటిగా చెప్పుట దుర్లభము.

తెలుగుదేశపు గణకులకు ఈ గ్రంథము లన్నియు పరిచితములే. వేంగీదేశీయుడు మల్లికార్జునసూరి 1178 నాటికి సూర్యసిద్ధాంతమునకు తెలుగున నొక వ్యాఖ్యయు, సంస్కృతమున నొక వ్యాఖ్యయు వ్రాసెను. లల్లుని శిష్యధీవృద్ధిద తంత్రమునకు నాతని వ్యాఖ్య యున్నది. అది 1981లో ముద్రితమైనది. శ్రీశైలమునకు ఆగ్నేయమున స్కందసోమేశ్వరమున నుండిన యల్లయ 1480లో ఆర్యభటీయమునకు వ్యాఖ్య రచించెను. తెలుగు శాస్త్రవచనము తొలిదశలో నెట్లుండెనో తెలిసికొన గోరువారికి మల్లికార్జునుని తెలుగు వ్యాఖ్య కంటె విలువైన వస్తువు లరుదు. మన సాహిత్యచరిత్రలు కవులను లెక్కించినంత శ్రద్ధతో గణకులను లెక్కింపలేదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణచ్ఛాయ తెలుగునాటి మీదుగా సాగెను. ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరున నిలిచి సూర్యుని యంచున లేచు జ్వాలల వర్ణపటమును పరీక్షించి, గ్రహణము లేనప్పుడును వానిని చూడవచ్చునని గ్రహించెను. మదరాసు నక్షత్రశాలాధిపతి పాగ్సన్ మచిలీపట్టణమున నుండెను. ఆ శాలలోనే పనిచేయు చింతామణి రఘునాథాచార్యులు వనపర్తిలో నింకొక బృందమును నడిపెను. అంతకు ముందేడు ఆతడు ఒక చరకాంతి నక్షత్రమును కనుగొనియుండెను. సిద్ధాంతజ్యోతిషమున నింట బుట్టినంత చనువు గల యీ పండితుడు 1874 నాటి శుక్రసంక్రమణమును గూర్చి ఇంగ్లీషునను దేశభాషలలోను పుస్తకము ప్రకటించి, ఆ దశకముననే ప్రత్యక్షమునకు సరిపోవు దృగ్గణిత పంచాంగమునకై పాటుపడెను.

ఈ కాలమున వివాదము రూపు మార్చుకొనెను. మొదట శ్రుతిస్మృతు లొకవైపు, గణకుడు మఱియొకవైపు నుండిరి. ఇప్పుడు గణకుని పాత సంఖ్యలే శ్రుతి వంటివైనవి. సూర్యసిద్ధాంత ధ్రువములతో సాధించిన తిథియే కర్మార్హ మనియు, కంటికి కనబడు చంద్రుని ననుసరించిన తిథి లౌకిక మనియు పూర్వపద్ధతివారు వాదించిరి. తమ సంఖ్యలను దృక్తుల్యము చేయుటకే సిద్ధాంతకర్తలు ఆయాకాలములందు బీజసంస్కారములు చేసిరను సంగతి మఱుగున పడెను. 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘమునకు మేఘనాథ సాహా అధ్యక్షుడు. సూర్యసిద్ధాంత వర్షమానము ఋతుచక్రము కంటె దాదాపు 24 నిమిషము లెక్కువ గావున, 1,400 ఏండ్లలో 23 దినముల యంతర మేర్పడినది. ఉత్తరాయణము డిసెంబరు 22 ప్రాంతమున ప్రారంభమగుచుండ పుణ్యకాలము జనవరి 14 ప్రాంతమున జరుగుచున్నది. అంతటి హేతువాది సాహా నడిపిన సంఘము సైతము 1955 నివేదికలో రెండు త్రోవలు పట్టెను: ప్రభుత్వ వ్యవహారమునకు ఋతువుల ననుసరించు సాయనమానము, మతకర్మలకు అయనాంశను స్థిరపరచిన వేఱొక లెక్క. మొదటిది 1957 మార్చి 22న, శక 1879 చైత్రము 1వ తేదీగా నమలులోనికి వచ్చెను.

పూర్వపద్ధతి పంచాంగములలో నొక విశేషము గమనింపదగినది. తిథి విషయమున కొన్ని ఘడియల తేడా వచ్చినను లోకు లెఱుగరు. గ్రహణము తప్పినచో వీధిలోని బాలుడు నవ్వును. కావున స్పర్శ, మధ్య, మోక్షకాలములను మాత్రము ఆధునికగణితము నుండి గ్రహించుట పెక్కింటి కలవాటైనది. ఆ ప్రక్కనే రాహుగ్రస్త మనియో, కేతుగ్రస్త మనియో ముద్రించెదరు. ఈ పదములును నిరర్థకములు కావు. చంద్రుడు రవిమార్గమును దాటి ఉత్తరమునకు పోవు పాతమునకు రాహువనియు, దక్షిణమునకు పోవు పాతమునకు కేతువనియు సంకేతము. గణకునకు రాహుగ్రస్త మనగా ఆరోహపాతమున గలిగిన గ్రహణము. దర్భలు సిద్ధముచేసికొను గృహస్థునకు రాహువు మ్రింగిన గ్రహణము. ఒకే పంక్తిలోని ఒకే పదమును ఇద్దరును చదువుచున్నారు.